నాలుగు మిల్లీమీటర్లు

మధ్యాహ్నం పెద్దాయనకు రెండు పనులు: క్యారేజీ ఖాళీ చెయ్యడం, ఒక శ్లోకం చదివి అర్థం చెప్పడం. వినేది అల్లుడొక్కడే. ఇద్దరిదీ ఒకే ఫౌండ్రీ. పెద్దాయన చెక్కతో ప్యాటర్నులు చేస్తాడు. అల్లుడు ఆ ప్యాటర్నును ఇసుకలో అదిమి, పైకి తీసి, మిగిలిన ఖాళీలో కరిగిన ఇనుము పోయిస్తాడు. ముప్ఫై ఆరేళ్లలో పెద్దాయన చేసిన ప్యాటర్ను ఒక్కటీ వెనక్కి రాలేదు. రిటైరయ్యాక ఏడాదికోసారి యజమాని సంతకంతో ఆయన పని పొడిగిస్తున్నారు. ఈ ఏటి కాగితం యజమాని బల్ల మీద ఉంది.

ఆ రోజు అల్లుడికి ముద్ద దిగలేదు. పదకొండు పంపు కేసింగులు పోస్తే ఒక్కదానికీ మూత సరిపోలేదు. పోత చెడగొట్టింది నువ్వేనని యజమాని పొద్దున్నే నిలదీసి, నాలుగింటికి రమ్మన్నాడు. ఆ పిలుపు దేనికో షెడ్డులో అందరికీ తెలుసు. కిందటి నెల అలాగే వెళ్లినవాడు మళ్లీ షెడ్డులో అడుగు పెట్టలేదు.

"తినవయ్యా. నువ్వు కడుపు మాడ్చుకుంటే మూతలు సరిపోతాయా?" అన్నాడు పెద్దాయన.

"మీకేం మామయ్యా, ఎన్నయినా చెప్తారు. సాయంత్రం మీ అమ్మాయికి సమాధానం చెప్పుకోవాల్సింది నేను."

పెద్దాయన పుస్తకం తెరిచాడు. దేవుడు చెబుతున్న మాట అది. సృష్టంతా నేను కనిపించకుండా నిండి ఉన్నాను, ప్రాణులన్నీ నాలో ఉన్నాయి, నేను మాత్రం వాటిలో లేను.

"భలే!" అన్నాడు అల్లుడు. "చేసేదంతా చేసేసి, తీరా అడిగితే అందులో నేను లేనంటాడా? మన ఆఫీసువాళ్లు ఆయన దగ్గరే నేర్చుకున్నట్టున్నారు."

"నోరు ముయ్యి. నా ప్యాటర్నే తీసుకో. ఇసుకలో పెడతావ్, తీసేస్తావ్, ఇనుము పోయిస్తావ్. ఆ కేసింగు పగలగొట్టి చూడు, నా చెక్క పీచొకటైనా దొరుకుతుందా?"

"దొరకదు."

"పోనీ, ప్యాటర్ను చెప్పినట్టు వినని చోటేదైనా ఆ ఇనుములో చూపించు."

"లేదు."

"మరి నిండి ఉన్నాననడమూ నిజమే, లేననడమూ నిజమే."

ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసే అమ్మాయి కాగితం పట్టుకుని లోపలికొచ్చింది. "బాబాయ్, నిన్న రెండే కొలిచానా, ఇప్పుడు మిగతావీ అయ్యాయి. నాలుగొందల మిల్లీమీటర్లు ఉండాల్సిన అంచు అన్నింటికీ మూడొందల తొంభై ఆరే. ఒక్కటంటే ఒక్కటీ అటూ ఇటూ లేదు." కాగితం పెద్దాయన ముందు పెట్టి వెళ్లిపోయింది. అల్లుడు క్యారేజీ మూతపెట్టి ఇసుక దగ్గరికి పోయాడు.

పెద్దాయన చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇసుక సరిగా అదమకపోతే కేసింగు ఉబ్బుతుంది గానీ తగ్గదు. ఉబ్బడం కూడా ఒక్కోటి ఒక్కోలా ఉబ్బుతుంది. పదకొండూ ఒకే కొలతకు తగ్గాయంటే తప్పు ఒక్కసారే జరిగింది, అదీ ఇసుక దాకా రాకముందే.

చెయ్యి కడుక్కుని గోడ దగ్గరికి వెళ్లాడు. ఒకే మేకుకు రెండు స్కేళ్లు వేలాడుతున్నాయి. ఒకటి లోకమంతా వాడేది. రెండోది ప్యాటర్నులు చేసేవాళ్లది. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి ఆ స్కేలు గీతలు నూటికి ఒకటి చొప్పున ఎడంగా ఉంటాయి. దానితో నాలుగొందలు కొలిచి కోస్తే చెక్క నాలుగొందల నాలుగు వస్తుంది, ఇనుము నాలుగొందలకు దిగుతుంది.

పెద్దాయన మామూలు స్కేలు తీసి ప్యాటర్ను మీద పెట్టాడు. సరిగ్గా నాలుగొందలు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. నాలుగొందలే.

అంచు చుట్టూ పలుచటి చెక్క అతికించి గీకితే గంట పని. ఎవరికీ తెలియదు. జిగురు డబ్బా మూత తీశాడు. కాసేపు దాని ముందు కూర్చుని, మూత పెట్టేశాడు.

నాలుగింటికి పది నిమిషాల ముందు అల్లుడు చొక్కా దులుపుకుని బయల్దేరాడు. పెద్దాయన ప్యాటర్ను చంకన పెట్టుకుని, రెండు స్కేళ్లూ పట్టుకుని వెనకే నడిచాడు.

"మీరెక్కడికి మామయ్యా?"

"తప్పు నాది. స్కేలు మార్చి పట్టుకున్నాను. ఆ పదకొండింట్లోనూ ఉన్నది నేనే."

అల్లుడు నడక ఆపాడు. "వాటిలో నేను లేనని మధ్యాహ్నమే కదా చదివారు?"

"ఆ మాట ఆయనకు చెల్లుతుంది. ఆయన స్కేలు మార్చి పట్టుకోడు. పద."

యజమాని రెండు స్కేళ్లతోనూ తనే కొలిచి చూసుకున్నాడు. అల్లుణ్ణి పనికి పొమ్మన్నాడు. బల్ల మీది కాగితం తీసి, సంతకం పెట్టకుండా సొరుగులో పడేశాడు.

"కొత్త ప్యాటర్ను ఎప్పటికి ఇస్తావ్?"

"ఎల్లుండికి."

"ఇచ్చాక చూద్దాం."

పెద్దాయన షెడ్డుకు తిరిగొచ్చి, ఎదురు గోడకు ఇంకో మేకు కొట్టి, మామూలు స్కేలు దానికి తగిలించాడు. తర్వాత రెండో స్కేలు తీసుకుని కొత్త చెక్క మీద గీత గీశాడు.