ముఖచిత్రం మీద ఎవరు

"కాలర్ గట్టిగా నొక్కు మేరియన్. కవర్ పేజీ మీద ముడతలు కనిపిస్తే నా పరువు పోతుంది," అన్నాడు కీత్.

నేను అతని నల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. పందొమ్మిదేళ్ళుగా శనివారం మధ్యాహ్నాలు నాకు ఇదే పని. చొక్కాలు మారాయి గానీ నలుపు మారలేదు. నా మొగుడు వారమంతా కిటికీలూ తలుపులూ అమ్మే కొట్లో పనిచేస్తాడు, శనివారం సాయంత్రాలు ఇంగ్లండులోని మా హాలిఫాక్స్ చుట్టుపక్కల కార్మికుల క్లబ్బుల్లో పాడతాడు. బ్యాండు పేరు స్లేట్ రూఫ్. అందులో నలుగురు మగవాళ్ళు, నలుగురికీ ఒకటే వ్యాను. చొక్కాలు ఇస్త్రీ చేసేది, శాండ్‌విచ్‌లు కట్టేది, క్లబ్బుల గోడల మీద అంటించే పోస్టర్లు గీసేది, వర్షంలో స్పీకర్ల పెట్టెలకి రెండో కొస పట్టుకునేది నేను. నన్నెవరైనా పరిచయం చెయ్యాల్సి వస్తే "కీత్ వాళ్ళావిడ, చాలా సాయంగా ఉంటుంది" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇంట్లో తుడిచే గుడ్డ గుర్తొస్తుంది.

పొద్దున పూట నేను ఒక బడి వంటశాలలో పనిచేస్తాను. నెత్తికి వలటోపీ, చేతిలో గరిటె, ఎదురుగా మూడొందలమంది పిల్లలు. నలభై నాలుగో ఏట, ఒక ముద్రణాలయం వాళ్ళు పోస్టర్లు గీసేవాళ్ళు కావాలని వేసిన ప్రకటన చూశాను. నేను పందొమ్మిదేళ్ళుగా చేస్తున్న పనే. కానీ వాళ్ళకి సర్టిఫికెట్ కావాలి. అందుకని మంగళవారాలూ గురువారాలూ మధ్యాహ్నం కాలేజీలో మీడియా కోర్సుకి చేరాను. క్లాసులో అందరికీ పదిహేడేళ్ళు. మా వంటశాల పెద్దావిడ "రాణిగారికి చదువుల వేళయింది, ట్రేలు మనం కడుక్కుందాం పదండి" అని అందరికీ వినిపించేలా అనేది. కీత్ అయితే రెండు నెలలు నవ్వాడు. "ఈ వయసులో కత్తెరా జిగురూ పట్టుకుని పిల్లకాయల పక్కన కూర్చుంటావా? నీ బ్యాగులో రంగు పెన్సిళ్ళు సర్దమంటావా?" అనేవాడు.

ఆ నవ్వు ఆగిపోయింది ఒక్క మాటతో. ఈ ఏడాది ప్రాజెక్టు ఒక సంగీత పత్రిక తయారుచెయ్యడం అని చెప్పాను. ముఖచిత్రం, విషయసూచిక, లోపల రెండు పేజీల వ్యాసం. ఫోటోలన్నీ మనం తీసినవే అయ్యుండాలి, ఇంకొకళ్ళ ఫోటో ఒక్కటి పెట్టినా మార్కులు పోతాయి.

"ఇంకేం, కవర్ పేజీ మీద మేమే కదా!" అన్నాడు కీత్. అది ప్రశ్న కాదు. ఆ సాయంత్రానికే క్లబ్బులో అందరికీ చెప్పేశాడు. ఆదివారం భోజనానికి వచ్చిన మా అత్తగారు ఎడ్నా "నాకు పది కాపీలు తీసి పెట్టమ్మాయ్, చర్చిలో పంచాలి. వాడికి చెవుల్లోనే సంగీతం ఉంది, చిన్నప్పట్నుంచీ అంతే" అన్నారు. పిల్లల ఆట అన్నవాడికి ఆ ఆటలో తన మొహం పడేసరికి అది పత్రిక అయిపోయింది. నేను ఏమన్నానంటే, సరే అన్నాను. ఎందుకన్నానో నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. పందొమ్మిదేళ్ళ అలవాటు, నోరు దానంతటదే సరే అనేస్తుంది.

పత్రిక పేరు రెండో చరణం అని పెట్టాను. ఎరుపు, నలుపు, లేత బూడిద, ఈ మూడు రంగులే అనుకున్నాను. చొక్కా ఇస్త్రీ అయ్యాక కీత్‌ని కిటికీ పక్కన నిలబెట్టి అరవై ఫోటోలు తీశాను. అన్నిట్లోనూ దూరంగా ఏదో చూస్తున్నట్టు మొహం పెట్టాడు. "కెమెరాలోకి చూడు, కొనేవాడి కళ్ళలోకి చూస్తున్నట్టుండాలి" అని చెప్పాను. "కళాకారులు అలా చూడరు, నీకు తెలీదు" అన్నాడు.

తర్వాత వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మధ్యలో ఫోను పెట్టి ఇంటర్వ్యూ మొదలుపెట్టాను. నేను చేసిన తప్పు అదే. క్లాసులో ఎవరూ నిజంగా ఇంటర్వ్యూ చెయ్యరు. స్నేహితురాలికి కాటుక పెట్టి, ఆమెనొక గాయని చేసేసి, ప్రశ్నలూ జవాబులూ అన్నీ వాళ్ళే కల్పించి రాసేస్తారు. అది నాకెవరూ చెప్పలేదు. పత్రిక అంటే మనిషిని అడగాలి కదా అనుకున్నాను, అడిగాను. కీత్ నిజంగానే ఏదో పెద్ద పత్రికవాళ్ళు వచ్చినట్టు కాలు మీద కాలు వేసుకున్నాడు. గొంతు కూడా మారింది.

"మీ పాటలన్నిట్లోకీ జనం మళ్ళీ మళ్ళీ అడిగేది 'తడిసిన కోటు'. దాన్ని ఎలా రాశారు?" అని అడిగాను. పత్రికలో అలాగే అడుగుతారని అతన్ని 'మీరు' అని కూడా అన్నాను. అతను ఏం చెప్తాడో వినాలని నాకు నిజంగా ఉంది.

"అదా," అని నవ్వాడు. "అది ఒక్క రాత్రిలో వచ్చేసింది. నాకు పాటలు అలాగే వస్తాయి, మాటలూ ట్యూనూ కలిసే వస్తాయి. అది ఒకమ్మాయి గురించి. పెళ్ళికి ముందు సంగతిలే. వానలో వచ్చింది, కోటు తగిలించింది, తర్వాత వెళ్ళిపోయింది. మా ఆవిడకి తెలీదు," అని కన్ను కొట్టాడు. "ఇది రాసుకో, జనానికి నచ్చుతుంది."

నాకు కన్ను కొట్టాడు. మా ఆవిడకి తెలీదని ఆ ఆవిడకే చెప్పి కన్ను కొట్టాడు.

ఆ కోటు మా అమ్మది. పదకొండేళ్ళ క్రితం నవంబరులో బస్సు దిగి వానలో నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది, వంటింటి తలుపు వెనక కోటు తగిలించింది, టీ పెట్టవే అంది. నేను కెటిల్ నింపి వెనక్కి తిరిగేసరికి కుర్చీలో ఒరిగిపోయి ఉంది. ఆసుపత్రి నుంచి నేనొక్కదాన్నే తిరిగొచ్చాను. కోటు రెండు రోజులు నేల మీదకి బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది. "తలుపు వెనక నీ కోటు ఇంకా కారుతోంది, నేల తుడవడానికి నాకు చేతులు రావడం లేదు" అని కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను. కీత్ అప్పటికి మూడు వారాలుగా లలలా అంటూ ఒక వరస పాడుకుంటున్నాడు, మాటలు దొరక్క. ఆ కాగితం చూసి "ఇది అతుకుతుందే!" అన్నాడు. అంతకు ముందూ అంతే, ఆ తర్వాతా అంతే. తొమ్మిది పాటలకి మాటలు నావి. నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే వచ్చి "కాస్త ఈ మాటలు సర్దిపెట్టు" అనేవాడు. బీరువా సర్దడం, పడగ్గది సర్దడం, పాట సర్దడం. మా ఇంట్లో నేను చేసే ప్రతి పనికీ అదొక్కటే పేరు, నేనూ ఆ పేరునే నమ్మాను.

ఇంటర్వ్యూని కాగితం మీద పెట్టాలంటే ఒక్కో ముక్కా ఆపి వినాలి, రాయాలి, వెనక్కి తిప్పి మళ్ళీ వినాలి. గురువారం కాలేజీలో చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని "ఒకమ్మాయి గురించి" అన్న మాట ఏడుసార్లు విన్నాను. మొదటి సారి ఒళ్ళు చల్లబడింది. ఏడోసారికి ఒళ్ళు మండిపోయింది. అబద్ధం ఆడినందుకు కాదు. అంత సులువుగా ఆడినందుకు. దుఃఖం నాది, చనిపోయినది మా అమ్మ, ఆ కోటు తీసుకెళ్ళి అసలు లేనే లేని పిల్ల వంటికి తొడిగాడు, మధ్యలో ఒక్క క్షణమైనా తడబడలేదు.

మా టీచరు పెట్రా నా భుజం మీంచి చూసి పగలబడి నవ్వింది. "నిజంగా ఇంటర్వ్యూ చేశావా? అయ్యో మేరియన్, అందరూ కట్టుకథలే రాస్తారు!"

"ఇదీ కట్టుకథే," అన్నాను. ఆమె నవ్వడం మానేసి నా మొహంలోకి చూసింది.

ఆ సాయంత్రం కీత్ టీవీ చూస్తుంటే అడిగాను. "ఆ పాట నువ్వు రాశానన్నావు."

"ట్యూన్ ఎవరిది మరి? నువ్వు కాస్త మాటలు సర్దావు, కాదన్నానా?"

"అది మా అమ్మ కోటు."

"అబ్బా మేరియన్! క్లబ్బులో బీరు తాగేవాడికి ప్రేమకథ కావాలి. మీ అమ్మ కోటంటే ఎవడు వింటాడు? ఇంటర్వ్యూల్లో అలాగే చెప్తారు, అందరూ అంతే. అయినా అది కాలేజీ పత్రిక, చదివేది ఆ టీచరమ్మ ఒక్కతి. నచ్చకపోతే నువ్వే ఏదో కల్పించి రాసుకో, నాకేం?"

"సీడీ మీద ఏం వేస్తున్నావు?" బ్యాండు మొదటి సీడీ ముద్రణకి వెళ్ళాల్సిన నెల అది. దాని అట్ట గీస్తున్నది కూడా నేనే, ఊరికే.

"పాటలన్నీ కీత్ ఓల్డ్‌రాయిడ్ అని వెయ్యి. ఒక్క పేరైతే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. డిజైన్ నేర్చుకుంటున్నావుగా, నీకు తెలీదా?" అని మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

నిజమే, ఒక్క పేరైతే శుభ్రంగా ఉంటుంది. ఆ మాట మీద నాకు నిద్ర పట్టలేదు. నేను పదాలు రాశానని ప్రపంచమంతా ఒప్పుకోవాలని నాకెప్పుడూ లేదు. ఆ ఇంట్లో, ఆ సోఫాలో కూర్చున్న ఒక్క మనిషి ఒప్పుకుంటే చాలనుకుంటూ బతికాను. అతను మర్చిపోయాడని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. మర్చిపోలేదు. నా పేరు పడితే అట్ట చెడిపోతుందని ఎప్పుడో లెక్క వేసుకున్నాడు.

మర్నాడు బడిలో ట్రేలన్నీ కడిగాక, ఖాళీ భోజనశాలలో స్టీలు బల్ల మీద కెమెరా పెట్టి, పది సెకన్ల తర్వాత దానంతటదే తీసేలా నొక్కి, ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. వలటోపీ తీసేశాను. నుదుటి మీద దాని గీత అలాగే ఉంది. నవ్వలేదు. దూరంగా ఏమీ చూడలేదు. నాలుగో ఫోటోకే అయిపోయింది.

ముఖచిత్రాలు తయారయ్యాక క్లాసులో ఒకరివి ఒకరం చూసి అభిప్రాయం రాయాలి. నా పక్కన కూర్చునే కీలీ, వేలికి రెండు చొప్పున ఉంగరాలు పెట్టుకునే పిల్ల, నా పేజీని చాలాసేపు చూసింది. "వామ్మో, ఈవిడ చూపుకి నేనైతే భయపడి కొనేస్తాను. ఎవరి మీద మేరియన్ అంత కోపం?" అంది. కింద ఎర్రటి అక్షరాల్లో ఉన్నది చదివింది: 'తడిసిన కోటు' రాసిన మనిషి మాట్లాడుతోంది. "ఏంటీ, మీరు పాటలు రాస్తారా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం!"

"ఎవరూ అడగలేదు," అన్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. నేనే ఎక్కడా చెప్పలేదు.

లోపలి రెండు పేజీల్లో ఎడమవైపు కీత్ ఇంటర్వ్యూ ఉంది, ఒక్క అక్షరం మార్చకుండా. కన్ను కొట్టాడు అన్నది కూడా వేశాను. కుడివైపు అవే ప్రశ్నలకి నా జవాబులు.

ఇచ్చేసే రోజున పెట్రా అందరికీ ఒక కాగితం పంచింది. విద్యార్థి పేరు, పని పేరు, కింద ఒక వాక్యం: ఈ పని మొత్తం నా సొంతం, మరొకరు చేసినదేదీ నాదిగా చూపలేదు. దాని కింద సంతకం. "చదివి పెట్టండి, ఊరికే గిలికెయ్యకండి" అంది పెట్రా. పిల్లలు చదవకుండానే గిలికేశారు. నేను మూడుసార్లు చదివి సంతకం పెట్టాను. వచ్చేటప్పుడు ఖాళీ కాగితం ఇంకొకటి అడిగి తెచ్చుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు వచ్చారు. గొడ్డుమాంసం రోస్టు, యార్క్‌షైర్ పుడ్డింగు, గ్రేవీ. తిన్నాక పత్రిక బల్ల మీద పెట్టాను. కీత్ ముఖచిత్రం చూశాడు. వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు.

"నేనెక్కడ?"

"లోపల ఉన్నావు. ఎడమవైపు."

చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "క్లబ్బులో వాళ్ళకి ఏం చెప్పను? పరాచికాలాడుతున్నావా? ఈ చెత్త అంతా ఎవడు రాయమన్నాడు నిన్ను?"

"ఏమైందిరా?" అన్నారు అత్తగారు, కళ్ళజోడు వెతుక్కుంటూ.

"పాటలు తను రాసిందట! నీ కోడలికి కాలేజీకెళ్ళి మతి పోయింది."

నేను ఆ రెండో కాగితం అతని ముందు పెట్టాను. విద్యార్థి అన్నచోట కీత్ ఓల్డ్‌రాయిడ్ అని, పని అన్నచోట సీడీలోని తొమ్మిది పాటల పేర్లూ, పక్కన 'పదాలు' అని నా దస్తూరీతో రాసి ఉంచాను. పెన్ను మూత తీసి పక్కన పెట్టాను.

"నా పనికి నేను పెట్టాను. నీ పనికి నువ్వు పెట్టు. పెడితే రేపు అట్ట మీద నీ ఒక్క పేరే వేస్తాను, ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను."

"కాలేజీ కాగితం! దీనికేం విలువ?"

"ఏమీ లేదు. అందుకే పెట్టు."

పెన్ను తీసుకున్నాడు. అత్తగారు కాగితం మీదకి వంగి నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదివారు. "ఇందులో ఏముందిరా, నీ పాటలు నీవే అని. పెట్టెయ్, పీడా పోతుంది. తర్వాత కోడలు నోరెత్తదు," అన్నారు.

కీత్ పెన్ను కాగితం దాకా తెచ్చి ఆగాడు. నా వైపు చూడలేదు. వాళ్ళమ్మ వైపూ చూడలేదు. అలా ఎంతసేపు కూర్చున్నాడో గానీ, గ్రేవీ గిన్నెలో మీగడ కట్టింది.

"తొమ్మిదింట్లో ఒక్కదానికైనా పెట్టరా," అన్నారు అత్తగారు. ఈసారి గొంతు బాగా తగ్గింది.

కీత్ పెన్నుకి మూత పెట్టేశాడు.

అత్తగారు కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, పత్రికని తన వైపు తిప్పుకుని, కుడివైపు పేజీ చదవడం మొదలుపెట్టారు. నేను లేచి కంప్యూటర్ దగ్గరికెళ్ళి, సీడీ అట్ట తెరిచి, పదాలు అన్నచోట ఒక్క పేరు కొట్టాను. నిజమే, ఒక్క పేరైతే శుభ్రంగా ఉంది.