ముల్లు తీసే వేలు

బుల్లమ్మ చెయ్యి పడిన చేపలో ముల్లు మిగలదని పేటంతా చెప్పుకుంటారు. చెప్పుకోరా మరి! కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి గంప నెత్తిన పెట్టుకుని నరసన్నపేట వీధుల్లో చేపలమ్మిన మనిషి. కవళ్ళంటే తెలుసుగా, బెత్తెడు చేపకి గుప్పెడు ముళ్ళు. అలాంటి కవళ్ళను కూడా రెండు వేళ్ళతో నొక్కి, వెన్నుముల్లు వెంట సన్నముళ్ళన్నీ లాగి పారేసేది.

మనవరాలు హేమకి మూడేళ్ళప్పుడు గొంతులో ముల్లు గుచ్చుకుంది. ఆటోలో ఆసుపత్రికి చేరేలోపు బుల్లమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, తన చేతి మీదుగా తప్ప ఈ పిల్ల నోట్లోకి చేప పోకూడదని. కొడుకు ఎల్లాజీ ఎక్కడో దూరాన వెరావల్ రేవులో, చేపల బోట్ల మీద ఉంటాడు. కోడలు ఈశ్వరి తెల్లారకుండానే రొయ్యల కంపెనీ బస్సెక్కుతుంది. పిల్లని చూసుకునేది బుల్లమ్మే. కంటికి రెప్పలా చూసుకుంది, కాదనడానికి లేదు. చేతిలో ఫోను పెట్టి, అందులో బొమ్మలు గెంతుతుంటే ముద్ద వెనక ముద్ద పెట్టేది. హేమ నోరు తెరిచేది, మింగేది. తిన్నది ఏ చేపో కూడా ఆ పిల్లకి తెలిసేది కాదు.

జూన్ వస్తే హేమకి ఒకటో తరగతి. సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకి అంగన్‌వాడీ టీచరు అరుణశ్రీ బుల్లమ్మని కూర్చోబెట్టి మాట్లాడింది.

“పాటలన్నీ వచ్చు పెద్దమ్మా. అక్షరాలు నోటికి గడగడా చెప్తుంది. పుస్తకంలో చూపించమంటే మాత్రం వేలు ఒకచోట, చూపు ఒకచోట. ఒక వరస చదువుతూ కింద వరసలోకి జారిపోతుంది. పూసలు గుచ్చమన్నా అంతే, బంతి పట్టుకోమన్నా అంతే. డాక్టరొచ్చినప్పుడు చూపించాం, కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. ఇంట్లో అన్నం తనే తింటుందా?”

బుల్లమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. “సదువు సెప్పమని పంపితే తిండి గురించి అడుగుతావేటి టీచరమ్మా? నాను పెడతన్నాను. నీకేటి నష్టం?”

“నష్టం నాకు కాదు. కన్ను చూసిన చోటికి చెయ్యి వెళ్ళడం అలవాటవ్వాలి పెద్దమ్మా. అప్పుడు అక్షరం మీద చూపు నిలుస్తుంది. కొన్నాళ్ళు తననే తిననివ్వు. ముళ్ళు కూడా తననే తియ్యనివ్వు.”

ముళ్ళు! ఆసుపత్రిలో ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు ఈవిడ విందా? బుల్లమ్మ విసురుగా లేచి, హేమ చెయ్యి పట్టుకుని బయటపడింది. దారంతా టీచరుని తిట్టుకుంటూనే నడిచింది. ఇల్లు దగ్గరపడుతుండగా హేమ ఆగిపోయింది.

“మామ్మా, నాను ఒకటో తరగతికి ఎల్లను.”

“ఏటే? ఎందుకెల్లవు?”

“పుస్తకం నా దగ్గరికొస్తే అందరూ నవ్వుతారు.”

ఆ మాటతో బుల్లమ్మ నోట తిట్టు ఆగిపోయింది. నవ్వులు ఆమెకి కొత్త కాదు. బస్టాండులో బోర్డు చూపించి, ఇది ఏ ఊరి బస్సు బాబూ అని అడిగిన ప్రతిసారీ ఎవడో ఒకడు పళ్ళికిలించేవాడు. ఈ పిల్లగుంట బతుకు అలా కాకూడదని కదా తన తాపత్రయమంతా.

సాయంత్రం సంగతంతా విని ఈశ్వరి మెల్లిగా అంది. “ఒకపాలి సూద్దుమత్తా. పక్కన నువ్వుంటావు కదా.”

బుల్లమ్మ మర్నాడు ఫోను అటక మీద పెట్టేసింది. మొదట వంజరం ముక్క వండింది, ఒకటే పెద్ద ముల్లు గనక. పక్కన అరటిపండు, గట్టి అన్నం ముద్ద సిద్ధంగా పెట్టుకుంది, గొంతుకేమైనా అడ్డం పడితే దింపడానికి. హేమ సగం చేప కింద పోసింది, సగం గౌనుకి రాసుకుంది. బుల్లమ్మ చెయ్యి చాచడం, వెనక్కి తీసుకోవడం, మళ్ళీ చాచడం. చివరికి తన చేతిని తనే ఒళ్ళో అదిమి పట్టుకుంది.

“వేలు పెట్టిన కాడే సూడవే. తల దగ్గర్నుంచి తోక దాకా పో. మద్దిలో ఒదిలీకు.”

వంజరం తర్వాత ఇంకాస్త ముళ్ళుండే కానాగంతలు. ఆ తర్వాత కవళ్ళు. రోజులు గడిచే కొద్దీ ఆ చిట్టి చూపుడువేలు చేప మీద నిదానంగా జరగడం నేర్చుకుంది. ముల్లు తగిలితే ఆగేది, కళ్ళు అక్కడే నిలిచేవి. తీసిన ముళ్ళన్నీ కంచం అంచున వరసగా పేర్చి, చూడు చూడు అని గొప్పలు పోయేది. బుల్లమ్మ మాత్రం ప్రతి ముద్దకీ అరటిపండు చేత్తో పట్టుకునే కూర్చునేది.

ఏప్రిల్‌లో, సముద్రం మీద చేపల వేట నిషేధం మర్నాటి నుంచి మొదలవుతుందనగా, హేమని తీసుకురావడానికి వెళ్ళి బుల్లమ్మ అంగన్‌వాడీ సెంటరు గుమ్మంలో నిలబడిపోయింది. పుస్తకం హేమ ముందుంది. అక్షరాల కింద వేలు ఆనించి, ఒక్కొక్కటే తడుముతున్నట్టు పోతోంది. ఆగింది, చూసింది, మళ్ళీ కదిలింది. “వ... ల. వల. ప... డ... వ. పడవ.” వరస చివరిదాకా వెళ్ళి, మళ్ళీ కింద వరస మొదట్లోకి సరిగ్గా వచ్చింది. ఒక్కరూ నవ్వలేదు. కవళ్ళలో ముళ్ళు వెతికే వేలే అది! బుల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. టీచరు వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు.

ఆ మధ్యాహ్నం సంబరంగా కవళ్ళ పులుసు పెట్టింది. హేమ తన కంచంలో తను తింటుంటే, బుల్లమ్మ కూడా ముళ్ళు తీసుకుని ముద్ద కలిపి నోటి దాకా తెచ్చింది.

“ఆగు మామ్మా. ముల్లున్నాది.”

“లేదే. తీసీసినాను.”

హేమ ఆ ముద్దలోంచి వెంట్రుకంత ముల్లు లాగి చూపించింది. బుల్లమ్మకి కనపడలేదు. వెలుతురుకి తిప్పినా కనపడలేదు. అరచేతిలో పెట్టుకుని రెండో చేత్తో తడిమితే అప్పుడు గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ ఈ కళ్ళతోనేనా తను పిల్లకి ముళ్ళు తీసింది? దేవుడు చల్లగా చూశాడు గానీ!

హేమ అప్పటికే ఆమె కంచం తన ముందుకి లాక్కుంది. తల వంచి, మిగిలిన చేపలో తల నుంచి తోక దాకా, మధ్యలో వదలకుండా ముళ్ళు తీసింది. చిన్న ముద్ద చేసి పైకెత్తింది.

“నోరు తెరు మామ్మా. నాను సూసినాను కదా.”

బుల్లమ్మ నోరు తెరిచింది. కళ్ళనిండా నీళ్ళతో నెమ్మదిగా నమిలింది. ఎక్కడా ముల్లు తగల్లేదు.