మడుగు కింది నీళ్లు

“ఆదివారం పూట కూడా ఆ బురదలోకి నువ్వే దిగాలా?” అన్నాడు భర్త, ఆమె అప్పుడే మడతపెట్టిన చొక్కాల దొంతరలోంచి అడుగున ఉన్నదాన్ని లాగి, మిగతావన్నీ కూలదోస్తూ. ఆమె మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి అత్తగారు అందుకుంది: “మీ ఆడపడుచు పిల్లల్ని తీసుకుని భోజనానికి వస్తోందని తెలుసు కదమ్మా, ఏమనుకుంటుంది?” ఎనిమిది మందికీ వండి, గిన్నెల మీద మూతలు పెట్టి ఉంచింది ఆమె. వడ్డించడానికి కూడా తనే ఉండాలన్నది ఆ మాటకు అసలు అర్థం. మామూలు రోజైతే కాళ్లు ఆగిపోయేవి. ఆ రోజు మాత్రం చేతులు చొక్కాల మీద ఉన్నా మనసు అప్పటికే ఊరి చివర మడుగు దగ్గర గంతులేస్తోంది. మడతలు సగంలో వదిలేసి, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు చంకన పెట్టుకుని బయటపడింది.

ఆమెది భూమి లోపలి నీళ్లను కొలిచే ఉద్యోగం. ఊరి చివర తుంగ, రెల్లు పెరిగిన చిత్తడి నేల పక్కన తొమ్మిది వందల ఇళ్లు కట్టాలని ఒక కంపెనీ తలపెట్టింది. అన్నిటికీ మూడు లోతైన బోర్లే ఆధారం. మడుగులో ఉన్నది వాననీరు, బోర్లు తోడేది బంకమట్టి పొర కింది నీరు, దీనికీ దానికీ సంబంధం లేదు అని కంపెనీ కాగితాల్లో రాసుకుంది. అది నిజమో కాదో తేల్చమని అనుమతులిచ్చే సంఘం ఆమె ఆఫీసుకు అప్పగించింది. ఆఫీసుకంటే ఆమెకే. పదకొండేళ్లుగా కొలతలు ఆమెవి, రాత ఆమెది, సంతకం మేనేజరుది. నివేదిక చివరి పేజీలో ‘సహకరించినవారు’ అన్నచోట, జీపు డ్రైవరు తర్వాత ఆమె పేరు ఉంటుంది. ఒకసారి భర్తకు చూపిస్తే, “పోన్లే, ఉందిగా” అన్నాడు. తనూ నవ్వేసింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇప్పుడు నెల రోజులుగా ఒక సంగతి ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు. వాన చుక్క లేదు, ఎండలు మండిపోతున్నాయి, అయినా మడుగు తగ్గలేదు. మరి ఆ నీళ్లు ఎక్కడివి?

ఎనిమిదింటికి పంపు మేస్త్రి, కంపెనీ అప్పటికే తవ్వించిన మొదటి బోరు మోటరు వేశాడు. తను మడుగులో దింపిన గొట్టం దగ్గర ఆమె నిలబడి, నీటిని తాకగానే కీచుమనే టేపును లోపలికి వదిలింది. మొదటి గంట మార్పు లేదు. రెండో గంటా లేదు.

“కదలట్లేదమ్మా. మడుగుకేం కాదులెండి” అన్నాడు మేస్త్రి గట్టు మీద నుంచి.

పదకొండింటికి టేపు ఒక వేలు కిందికి వెళ్లాక గాని కీచుమనలేదు. చెయ్యి జారిందేమో అనుకుంది. మళ్లీ రెండుసార్లు వేసింది. అంతే. మధ్యాహ్నానికి నాలుగు వేళ్లు. “ఆపండి, మోటరు ఆపెయ్యండి!” అని కేకేస్తూ పరిగెత్తబోయి ఒక బూటు బురదలోనే వదిలేసింది. మోటరు ఆగాక మూడు గంటల్లో నీళ్లు వేలు వేలుగా పైకొచ్చి, పొద్దున ఎక్కడున్నాయో అక్కడికే చేరాయి.

“చూశారా మేస్త్రీ! రెండూ ఒకే నీళ్లు! కింద నుంచి ఊరుతోంది మడుగు!”

అప్పుడే ఫోను మోగింది. “పెద్ద గరిటె ఎక్కడ పెట్టావ్?” అన్నాడు భర్త. భోజనాలు ఇంకా కాలేదన్నమాట.

“కనిపెట్టేశానండీ! మట్టి పొరకి ఎక్కడో చిల్లుంది, నీళ్లు కలిసే ఉన్నాయి!”

“అది సరే, గరిటె?”

ఆమెకు నవ్వాగలేదు. ఒంటి బూటుతో, చీలమండ దాకా బురదలో నిలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. “వెతకండి, దొరుకుతుంది” అని ఫోను పెట్టేసింది.

సోమవారం మేనేజరు నివేదిక చదివి మెచ్చుకున్నాడు. “బ్రహ్మాండం. ఆ చివరి వాక్యం మాత్రం కాస్త మెత్తగా రాయండి. ‘స్వల్ప ప్రభావం ఉండవచ్చు’ అంటే చాలు. ఎలాగూ సంతకం నాది, మాట పడేదీ నేనే. మీకెందుకు ఈ శ్రమ? త్వరగా ఇంటికెళ్లి పిల్లల్ని చూసుకోండి.”

“ఆ శ్రమ మీకు తప్పిస్తాను సార్. సంతకం నేనే పెడతాను.”

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. అతను పెన్ను బల్లకేసి కొడుతూ కాసేపు ఆలోచించాడు. తిట్లు పడితే ఈవిడకే పడతాయన్న ధీమా కలిగినట్టుంది, “మీ ఇష్టం. తర్వాత నన్ననకండి” అన్నాడు. మొదటి పేజీ మీద ఆమె పేరు వచ్చింది. చివరి వాక్యం అక్షరం మారలేదు: మూడు బోర్లూ నడిస్తే రెండు వేసవుల్లో మడుగు ఎండుతుంది, ఆ వెనకే బోర్లూ ఎండుతాయి, తొమ్మిది వందల ఇళ్ల వాళ్లు ఖాళీ బిందెలతో మిగులుతారు.

సంఘం విచారణ జరిపిన రోజు హాలు నిండిపోయింది. కంపెనీ ఇంజనీరు లేచి, “ఒక్క రోజు కొలతే కదా మేడమ్. టేపు జారి ఉండొచ్చు” అన్నాడు నవ్వుతూ.

“నేనూ అలాగే అనుకున్నానండీ. అందుకే ప్రతిసారీ మూడేసి సార్లు కొలిచాను” అంది ఆమె. మాట హాయిగా దొర్లుకుంటూ వస్తోంది. “జారిన టేపు కిందికి పోతుంది. మోటరు ఆపాక తిరిగి పైకి రాదు కదా!”

హాలంతా గొల్లున నవ్వింది. సంఘం అధ్యక్షురాలు కళ్లజోడు తీసి ఆమెను నిదానంగా చూసింది. పక్కవాళ్లతో మాట్లాడుకుని, అనుమతి ఆపుతున్నామని, అన్ని కాలాల కొలతలూ వచ్చాకే ఇళ్ల సంగతి చూస్తామని చెప్పింది. “కొలిచేది మీరే కావాలి. ఏడాది పాటు, వారం వారం, సెలవు రోజుల్లో కూడా. కుదురుతుందా?”

“వస్తాను.”

బయటికొచ్చి మెట్లు దిగుతోంది. ఒళ్లంతా తేలిపోతోంది. సగం మెట్లు దిగాక ఉన్నట్టుండి ఆగిపోయింది. ‘ఇంట్లో అడిగి చెప్తాను’ అనడం మర్చిపోయింది.