ఉప్పు తిన్న చక్రాలు

కుక్కరు మూడో కూత వేసేలోపల టైరుకు గాలి పెట్టడం అయిపోవాలి. ప్రేమలీల నైటీ మీద తువ్వాలు కప్పుకుని, కారు ముందు ఎడమ చక్రం పక్కన నిలబడి కాలిపంపు తొక్కుతోంది. రాత్రి నిండుగా ఉన్న టైరు తెల్లారేసరికి చప్పబడి నేలకు అతుక్కుపోతుంది. రోజూ తొక్కీ తొక్కీ కుడి మోకాలు పట్టేస్తుంటే, ఈమధ్య ఎడమ కాలికి కూడా ఆ పని అలవాటు చేసింది. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు ఎలిశబెతమ్మ, పాలాయన వచ్చే వేళయింది, కాస్త అటు తిరిగి తొక్కమ్మా అంది. కిటికీలోంచి భర్త కిషోర్ బాబు కాఫీ గ్లాసుతో చూస్తున్నాడు. రోజూ చూస్తాడు.

"నిన్న యాడ గుద్దినావు ప్రేమా?" అని అడుగుతాడు. కోపంగా కాదు. కిషోర్ బాబుకు కోపం రాదని ఊళ్ళో అందరికీ తెలుసు. భార్య మీద చెయ్యెత్తినవాడు కాదు, గొంతు పెంచినవాడు కాదు. ఇంత మంచి మొగుడు దొరికినందుకు దేవుణ్ణి స్తుతించమని చర్చిలో ఆడవాళ్ళు ఆమెతో చాలాసార్లు అన్నారు. ఆమె స్తుతించింది కూడా.

వాళ్ళది వాకాడు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఊరు. ఇంటి వెనక మొదలుపెడితే తీరం దాకా రొయ్యల గుంటలే. వాటిలో కొన్ని కిషోర్ బాబు సొంతం, కొన్ని కౌలుకు పట్టినవి. ప్రేమలీల వాకాడులో రొయ్యల ల్యాబ్‌లో పనిచేస్తుంది. రైతులు సీసాల్లో తెచ్చిన గుంట నీళ్ళలో ఉప్పెంత ఉందో, రొయ్య ఎందుకు మేత మానేసిందో చూసి చెప్పడం ఆమె పని. ఏళ్ళుగా చేస్తున్నా, కొత్తగా వచ్చే రైతు గుమ్మంలో నిలబడి, సార్ లేడా అమ్మా అనే అడుగుతాడు. లేరు, నేనే చూస్తానంటే, పర్లేదులే సార్ వచ్చినాకే వస్తానంటాడు. ఆ మాటకు ఆమె ఎప్పుడో అలవాటు పడిపోయింది. అలవాటు పడటం ఆమెకు బాగా వచ్చిన విద్య.

కారు ఆమె జీతం చూపించి కొన్నదే, కాగితాల మీద పేరూ ఆమెదే. మిగతావన్నీ కిషోర్ బాబు చూసుకున్నాడు. మామూలు ఇనప చక్రాలైతే ట్యాక్సీలాగా ఉంటుందని, మెరిసే అల్యూమినియం అల్లాయ్ వీల్స్ వేయించాడు. పగలు ఆమె ల్యాబ్‌కు తీసుకుపోతే, సాయంత్రం అతను గుంటల మీదికి తీసుకుపోతాడు. కట్టల మీద ఉప్పునీళ్ళు నిలిచిన బాటలో తిప్పి, అట్లాగే తెచ్చి షెడ్డులో పెడతాడు. సెలవు రోజున కడగడం ఆమె వంతు.

కారు వచ్చిన కొత్తలో ఒకసారి చర్చి దగ్గర వెనక్కి తీస్తుంటే, ప్రహరీ గోడకు ముందు ఎడమ చక్రం రాసుకుంది. రిమ్ము అంచున గోరంత గీత పడింది, అంతే. కొన్ని నెలల తర్వాత ఆ చక్రానికే గాలి దిగడం మొదలైంది. కిషోర్ బాబు గూడూరులో టైర్ల షాపుకు తీసుకుపోయి చూపించి వచ్చాడు. పంక్చరేమీ లేదట, గోడకు గుద్దినప్పుడు రిమ్ము వంగిపోయిందట, ఇక దానికి చేసేదేమీ లేదట. కొన్నాళ్ళకు వెనక చక్రం కూడా అట్లాగే అయితే అదే రకం స్టెప్నీ తీసి దాని బదులు బిగించి, ఇది కూడా నీ చలవే అని నవ్వాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ, "మా ఆవిడ కారు తీస్తే గోడలే పక్కకు జరగాల" అన్నాడు. అందరూ నవ్వారు. పాస్టరుగారు నవ్వారు. ప్రేమలీల అందరికంటే ముందు నవ్వింది, తను నొచ్చుకుందని ఎవరూ అనుకోకూడదని.

నవ్వితే పోయేది కాదది. ఆ తర్వాత ఆమె స్టీరింగు పట్టుకున్నప్పుడల్లా చేతులు చెమట పట్టేవి. ఎదురుగా ఆటో వస్తే రోడ్డు దిగి ఆగిపోయేది. స్పీడు బ్రేకరు కనిపిస్తే బండిని దాదాపు ఆపేసేది. దిగాక చక్రం వంగి చూసుకునేది, ఇప్పుడేమైనా గుద్దానా అని. గుద్దలేదని తెలిసినా, మర్నాడు పొద్దున టైరు చప్పబడి ఉంటే, గుద్దే ఉంటాను, నాకే తెలియలేదేమో అనుకునేది. మనిషి తన కళ్ళను తనే నమ్మకపోవడానికి ఎంతో కాలం పట్టదు. ఇంట్లో ఒకరు రోజూ నవ్వుతూ ఒకే మాట అడిగితే చాలు. గూడూరు వెళ్ళడం మానేసింది. మనుబోలులో పిన్ని కూతురు పెళ్ళికి, టైరు దారిలో ఏమవుతుందోనని వెళ్ళలేదు. నువ్వు పోతానంటే నేనెందుకు వద్దంటా, అన్నాడు కిషోర్ బాబు ఆ రోజు కూడా. అతను ఎప్పుడూ దేనికీ వద్దనలేదు. కారు తాళాలు ఎప్పుడూ గోడకే వేలాడుతుండేవి.

కూతురు షారన్ నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. పోయిన వానాకాలంలో ఒకరోజు హాస్టలు వాళ్ళు ఫోన్ చేసి, పిల్లకు జ్వరం తగ్గడం లేదు, కళ్ళు తెరవడం లేదు, వెంటనే రండి అన్నారు. కిషోర్ బాబు గుంటల దగ్గర రొయ్యల పట్టుబడిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే, లారీ లోడవుతోంది, నేను కదల్లేను, నువ్వు బయల్దేరు అన్నాడు. ప్రేమలీల వానలో తడుస్తూ గాలి కొట్టి బయల్దేరింది. కోట దాకా కూడా పోకముందే బండి ఎడమవైపుకు లాగడం మొదలెట్టింది. పక్కన ఆపి చూస్తే రిమ్ము టైరును నలిపేస్తోంది. కారును ఒక ఎరువుల కొట్టు ముందు వదిలేసి బస్సెక్కింది. గూడూరులో దిగి ఇంకో బస్సు. ఆమె వెళ్ళేసరికి దీపాలు పెట్టారు. వార్డెను పిల్లను ఆసుపత్రిలో చేర్పించి సెలైన్ పెట్టించింది. షారన్ కళ్ళు తెరిచి, ఇంతసేపా అమ్మా అంది. అమ్మ గోడకు గుద్దింది, అందుకే, అని ప్రేమలీల లోపల అనుకుంది.

ఈ వేసవిలో నెల్లూరు పెద్ద ల్యాబ్ నుంచి కరుణాకుమారి మేడమ్ ఫోన్ చేసింది. అక్కడ ల్యాబంతా ఆమె చేతి మీదే నడుస్తుంది. కొత్తగా చేరేవాళ్ళకు మైక్రోస్కోపు పని నేర్పడానికి అనుభవం ఉన్న మనిషి కావాలి, నీకంటే నాకెవరూ తోచలేదు ప్రేమలీలా, వారం చివరికల్లా ఏ సంగతీ చెప్పు అంది. ఆ మాట విన్న రోజు ప్రేమలీల కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. కిషోర్ బాబు ఏమీ అనకుండా తిని, మంచిదేగా, పో అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చాక, "కానీ ఆ టైరుతో నెల్లూరు దాకా రోజూ ఎట్ట పోతావు, చూసుకో మరి" అన్నాడు. బస్సుల్లో అయితే మూడుచోట్ల మారాలి. ఇంటికొచ్చేసరికి ఎలిశబెతమ్మకు మాత్రలు, అన్నం వేళ దాటిపోతాయి. రాలేనని చెప్పడానికి ఆమె ఫోను తీసింది. కారు బాగాలేదు మేడమ్, చూసి చెబుతానని మాత్రం అని పెట్టేసింది.

ఆ వారం రెండో శనివారం సెలవు. కిషోర్ బాబు తమ్ముడి బైకు మీద గుంటలకు వెళ్ళాడు. ప్రేమలీల కారు కడగడానికి బకెట్లో సబ్బునీళ్ళు కలిపి, పొద్దున గాలి పెట్టిన చక్రం మీద పోసి తుడవబోయింది. నురగంతా జారిపోయినా, టైరూ రిమ్మూ కలిసే అంచున మాత్రం జారలేదు. వంగి చూసింది. ఆవగింజలంత బుడగలు పుట్టి, ఉబ్బి, పగిలి, మళ్ళీ పుడుతున్నాయి. గీత పడిన చోట కాదు. అంచు చుట్టూతా. ఆమె లేచి కుడి వైపు చక్రం మీద పోసింది. ఎప్పుడూ ఏ గోడకూ తగలని చక్రమది. అక్కడా అంతే, కాస్త తక్కువగా. వెనక చక్రాలకూ అంతే. జడపిన్ను తీసి అంచున గీకింది. పైపూత పొక్కులా లేచి, కింద తెల్లటి పొడి రాలింది. ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసింది. సముద్రపు నీళ్ళు అల్యూమినియాన్ని ఏం చేస్తాయో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ల్యాబ్‌లో పాడైన స్టాండ్లకు ఇదే పొడి పడుతుంది. రోజంతా ఊళ్ళోవాళ్ళ నీళ్ళలో ఉప్పు కొలిచే తను, ఇంటి ముందున్న చక్రం వంక ఒక్కసారి కూడా ఇట్లా చూడలేదు. జవాబు ముందే చెప్పేశారు కనక, ప్రశ్న అడగాలనే తోచలేదు.

చీర మార్చుకుని, కాలిపంపు డిక్కీలో వేసుకుని, అత్తగారికి చెప్పి బయల్దేరింది. దారిలో ఒకసారి ఆపి గాలి కొట్టుకుంది. గూడూరులో టైర్ల షాపాయన కారును చూడగానే గుర్తుపట్టాడు.

"ఇన్నాళ్ళకు తెచ్చినారా మేడమ్? పోయిన వేసవిలోనే సార్‌కు చెప్పినానే. రిమ్ము అంచుల్ని ఉప్పు తినేసింది, టైర్లు ఊడదీసి గీకి, బంక పూసి మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది, ఒక పూట పని అని. ఇప్పుడొద్దులే, గాలి పెట్టు చాలు అన్నాడు."

"రిమ్ము వంగలేదా?" అని అడిగింది ప్రేమలీల.

"వంగడమేంది మేడమ్, తిప్పి చూపించినాను కదా సార్‌కు. గుండ్రంగా ఉంది."

ఆమె అక్కడున్న బల్ల మీద కూర్చుంది. పనివాళ్ళు టైర్లు ఊడదీశారు. లోపలి అంచంతా తెల్లగా పుండు కట్టినట్టుంది. వైరు బ్రషుతో గీకుతుంటే పొడి లేస్తోంది. పోయిన వేసవి, అని ఆమె మనసులో లెక్క వేసుకుంటూ కూర్చుంది. పోయిన వేసవి తర్వాతేగా వానలు. వానల్లోనేగా షారన్ జ్వరం. లారీ లోడవుతోంది, నువ్వు బయల్దేరు అన్నప్పుడు అతనికి తెలుసు. బండి దారిలో ఆగుతుందని తెలుసు. కిటికీలో నిలబడి, నిన్న యాడ గుద్దినావని అడిగిన ప్రతి పొద్దుటా తెలుసు. ఒక చక్రం మరీ పాడైందని, దాని బదులు మామూలు ఇనప చక్రం వేయమంటారా, మిగతావాటితో కలవదు, చూడ్డానికి బాగుండదు అని షాపాయన అడిగితే, వేయమంది.

ఇంటికి వచ్చేసరికి కిషోర్ బాబు వరండాలో కాళ్ళు కడుక్కుంటున్నాడు. కారును చూశాడు, ఇనప చక్రాన్ని చూశాడు. ఏందీ అవతారం అన్నాడు నవ్వుతూ.

"రిమ్ముల సంగతి మీకు పోయిన వేసవిలోనే తెలుసంట" అంది ప్రేమలీల.

చెంబు కింద పెట్టాడు. ఏదో చెప్పినాడులే వాడు, పనుల్లో పడి మర్చిపోయినా, అన్నాడు.

"మర్చిపోలేదు. రోజూ నన్ను అడుగుతానే ఉన్నారు."

అతను తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు. తొందరేమీ లేదు. తర్వాత, చిన్నపిల్లకు నచ్చచెబుతున్నట్టుగా మాట్లాడాడు.

"సరే, చెప్పలా. చెప్పుంటే ఏం చేసుండేదానివి? బాగు చేయించుకుని ఆ హైవే మీద లారీల మధ్యన పడి తిరిగేదానివి. నాకు భయం కాదా? అమ్మను ఎవరు చూస్తారు? పోవద్దని నేనెప్పుడన్నా అన్నానా?"

"అనలేదు" అంది ఆమె.

"మరి?"

"పాపకు జ్వరం వచ్చిన రోజు?"

"బస్సులో పోయినావు కదా" అన్నాడు కిషోర్ బాబు. "పాప బాగానే ఉంది కదా."

లోపలి గదిలోంచి ఎలిశబెతమ్మ, ఇంక వదిలేయమ్మా అంది. వాడు నీ మీద ప్రేమతోనే చేసినాడు, నాతో అప్పుడే చెప్పినాడు అంది.

ప్రేమలీల భర్త మొహం వంక చూసింది. ఇన్నేళ్ళూ చూసిన మొహమే. మంచి మొహం. కోపం రాని మొహం. నెమ్మదిగా అడిగింది.

"ఇట్టా నాకు చెప్పనివి ఇంకేమన్నా ఉన్నాయా?"

లేవు, అని వెంటనే అంటాడనుకుంది. అనాలని కూడా కోరుకుంది. కిషోర్ బాబు నోరు తెరిచి, ఆగాడు. చూపు ఆమె మీది నుంచి తప్పించి గేటు వైపు తిప్పాడు. అతను దేన్ని గుర్తు తెచ్చుకుంటున్నాడో, ఎన్నింటిలో ఏది చెబితే సరిపోతుందని వెతుక్కుంటున్నాడో ఆమెకు అర్థమైంది. అతను వెతుక్కోవడం అయ్యేదాకా ఆమె నిలబడలేదు. అక్కడే, అతని ముందే, ఫోను తీసి కరుణాకుమారి మేడమ్‌కు చేసింది.

సోమవారం నుంచి వస్తానంది. అవతల మేడమ్ సంతోషపడి, కారు బాగైందా, ఇక రోజూ వచ్చిపోవచ్చు కదా అని అడిగింది.

"బాగైంది మేడమ్. కానీ రోజూ వచ్చిపోను" అంది ప్రేమలీల. "ల్యాబ్ దగ్గర్లో ఒక గది చూడండి. ఇద్దరికి. నాకూ, మా పాపకూ."