పేరు మీద కాగితం ముక్క

జిరాక్సు షాపులో పాడైపోయిన కాపీలు పడేయడానికి ఒక అట్టపెట్టె ఉంటుంది. వంకరగా పడ్డవి, ఇంకు అంటినవి, మెషిన్లో ఇరుక్కుని నలిగినవి అన్నీ అందులోకే. నెలకోసారి పాతపేపర్ల మనిషి వచ్చి తూకం వేసి పట్టుకుపోతాడు. ఆ నెల పెట్టె తొందరగా నిండిపోయింది. వీధంతా జిరాక్సక్క అని పిలిచే షాపావిడ చెయ్యి పెట్టి కాగితాలు కిందికి అణుస్తుంటే వేళ్లకి గరుకుగా ఏదో తగిలింది. లాగి చూస్తే నోటుబుక్కులోంచి చించిన రూళ్ల కాగితం. దాని వెనకే ఇంకొకటి. ఇంకొకటి. మొత్తం ఇరవై మూడు. అన్నీ లెక్కలే, అన్నింటి మీదా ఎర్రసిరా ఇంటూలే. రాసింది ఎవరో కనుక్కోవడానికి ఆవిడకి పేరు అక్కర్లేకపోయింది. ప్రతి ఏడుకీ నడుముకి బెల్టు పెట్టినట్టు అడ్డంగా చిన్న గీత ఉంది. ఆ బెల్టు ఏడు వీధి మొత్తం మీద ఆవిడ కూతురు చిట్టి ఒక్కతే రాస్తుంది.

ఆవిడ స్టూలు మీద కూలబడిపోయింది. నాలుగు నెలలుగా ప్రతి శనివారం అడుగుతూనే ఉంది, ట్యూషన్లో పరీక్ష ఎలా రాశావే అని. ప్రతి శనివారం ఒకటే జవాబు, "బాగానే రాశాలేమ్మా." వందపేజీల నోటుబుక్కు రోజురోజుకీ బక్కచిక్కిపోతుంటే బైండింగు సరిగ్గా లేదేమో అనుకుంది. దాచిపెట్టడానికి పిల్లకి అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది మరి? చిత్తుకాగితాల్లో చిత్తుకాగితం.

ఆ బుధవారమే బడి నుంచి ఉత్తరం కూడా వచ్చింది. లెక్కల్లో రెండుసార్లు తప్పింది కాబట్టి మూడు వారాల్లోపు ఒక సోమవారం మళ్లీ పరీక్ష. అందులోనూ పోతే ఎనిమిదో తరగతిలోనే ఇంకో ఏడాది.

ఉత్తరం చదివి వినిపిస్తే చిట్టి ఏడవలేదు. గోడకేసి చూస్తూ అంది. "మళ్లీ అదే క్లాసులో కూర్చోమంటే నేనింక బడికే వెళ్లను. షాపులో నీకు సాయం చేస్తాను."

అరిచి గోల చేసి అని ఉంటే తల్లి అంత భయపడేది కాదు. పిల్ల చాలా మామూలుగా, ఎప్పుడో నిర్ణయించుకున్నదానిలా అంది.

చిట్టి అప్పటిదాకా చదివింది ర్యాంకుల మాస్టారి దగ్గర. ఆయన్ని కుదిర్చింది చిట్టి మేనత్త. "మా వాడిని ఒడ్డున పడేసింది ఆయనేనమ్మా, కళ్లు మూసుకుని చేర్పించు," అని ఊదరగొట్టింది. జిరాక్సక్క నిజంగానే కళ్లు మూసుకుంది. శనివారం శనివారం ఆయన మార్కులు పైకి చదువుతాడనీ, అందరికంటే తక్కువ వచ్చినవాళ్లు కాగితం రెండు చేతులతో పట్టుకుని, ట్యూషన్ వదిలేదాకా గుమ్మం దగ్గర నిలబడాలనీ ఆ రోజు గుచ్చి గుచ్చి అడిగితేగాని తెలియలేదు.

"ఎన్నిసార్లు నిలబడ్డావే?"

"లెక్కపెట్టలేదు. లెక్కలు రావుగా నాకు."

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక తల్లి వంటింట్లోకి వెళ్లి ఊరికే గిన్నెలు సర్దింది. చిట్టి నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. ఆయన అంతా విని, "నాకు నట్లు, బోల్టులు తప్ప ఏమీ తెలీదు. మాస్టార్ల సంగతి నీకే బాగా తెలుసు. అందరూ నీ షాపుకే వస్తారుగా," అన్నాడు.

నిజమే. ఊళ్లో ట్యూషన్లు చెప్పే ప్రతివాళ్లూ ఆవిడ మెషిన్ ముందు నిలబడినవాళ్లే. ఒకాయన పాత ప్రశ్నపత్రాలు కట్టలు కట్టలు తీయించుకుంటాడు. ఇంకొకాయన తన ఫొటో పెద్దదిగా, పిల్లల ఫొటోలు తపాలాబిళ్లలంతగా వేసి కరపత్రాలు కొట్టిస్తాడు. నూటికి నూరు గ్యారంటీ. ఒకావిడ జవాబులే తీయించి పంచుతుంది, పిల్లలు బట్టీ కొడితే చాలని. వీళ్లందర్నీ ఆవిడ మనసులోనే ఒక్కొక్కర్నీ నిలబెట్టి చూసింది, ఒక్కొక్కర్నీ పక్కన పెట్టింది.

చివరికి మిగిలింది గురువారం టీచరు.

మందులషాపు మేడ మీద గదిలో కొద్దిమంది పిల్లలకి చెబుతుందావిడ. ప్రతి గురువారం సాయంత్రం ఒకే ఒక్క కాగితం తెస్తుంది. ఎవరో పిల్లలు చేత్తో రాసిన లెక్క. పైన పేరు ఉండాల్సిన చోట తెల్లకాగితం ముక్క అతికించి ఉంటుంది. తొమ్మిది కాపీలు. ఒకసారి కాపీ తీస్తూ చూస్తే లెక్క తప్పు. ఇంకో వారం చూస్తే అదీ తప్పే. తప్పుల్ని కూడా కాపీలు తీయించుకుంటారా ఎవరైనా, ఈవిడకి చాదస్తమేమో అనుకుని ఊరుకుంది అప్పట్లో.

ఆ గురువారం మాత్రం అడిగేసింది. "ఏమనుకోకండి మేడమ్, ఈ తప్పులన్నీ ఏం చేసుకుంటారు?"

"పిల్లలకిస్తాను. తెలివైన పిల్ల ఇక్కడ ఇలా ఎందుకు అనుకుందో కనిపెట్టమంటాను. ఎవరిదో చెప్పను."

"మా అమ్మాయిని చేర్చుకుంటారా? పరీక్ష దగ్గరికొచ్చేసింది. పాసవ్వాలి."

"పాసవుతుందని నేను మాటివ్వలేనండి. రోజులు తక్కువున్నాయి."

గ్యారంటీలు అచ్చువేసి అచ్చువేసి అలవాటైపోయిన ఆవిడకి ఆ జవాబు మింగుడుపడలేదు. అయినా ఇరవై మూడు కాగితాలు గుర్తొచ్చి, "సరే, సోమవారం నుంచి పంపిస్తాను," అంది.

"మీరు పంపడం కాదు. ముందు అమ్మాయిని అడగండి."

అడిగితే చిట్టి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "మార్కులు పైకి చదువుతారా?"

"చదవరట."

"చూద్దాంలే," అంది చిట్టి. నమ్మినట్టు లేదు.

మొదటి వారం ఏమీ తేలలేదు. చిట్టి వెళ్లేది, వచ్చేది. తల్లి ప్రతి రాత్రి షాపు మూసేముందు ఎవరూ చూడకుండా అట్టపెట్టె కెలికేది. రూళ్ల కాగితాలు దొరకలేదు. దొరకనందుకు సంతోషించాలో, పిల్ల కొత్త చోటు వెతుక్కుందని భయపడాలో తెలిసేది కాదు. మధ్యలో వదినగారు షాపుకొచ్చి మరీ దెప్పింది.

"ర్యాంకుల మాస్టార్ని కాదని, పట్టుమని పదిమంది లేని చోట వేశావట! పేరూ లేదు, బోర్డూ లేదు."

"బోర్డు చూసి వేసినందుకే పిల్ల గుమ్మం దగ్గర నిలబడింది వదినా."

"రెండు రోజులు నిలబడితే కాళ్లేం అరిగిపోతాయా? రేపు పరీక్ష పోయాక నన్ననకు."

జిరాక్సక్క మెషిన్లో కాగితాలు సర్దింది. పరీక్ష పోతే తనని అనడానికి తన నోరు తప్ప ఇంకెవరి నోరూ అక్కర్లేదని ఆవిడకి తెలుసు.

పరీక్షకి నాలుగు రోజులుందనగా మళ్లీ గురువారం వచ్చింది. నాలుగూ ఇరవైకి టీచరు వచ్చి, చేతిసంచిలోంచి కాగితం తీసి గట్టు మీద పెట్టింది. "పది కాపీలండి, మీ అమ్మాయితో కలిపి."

జిరాక్సక్క మూత ఎత్తింది, కాగితాన్ని అద్దం మీద బోర్లించబోయింది. చెయ్యి ఆగిపోయింది.

బెల్టు ఏడు.

ఒకటి కాదు, మూడున్నాయి. పైన పేరు మీద తెల్ల ముక్క. దాని కింద ఎవరి పేరుందో చూడక్కర్లేదు. గుమ్మం దగ్గర కాగితం పట్టుకుని నిలబడ్డ పిల్ల కళ్ల ముందు మెదిలింది. అక్కడ ఒక్క కాగితమే, ఇక్కడ పది. పదిమంది చేతుల్లో.

మూత దించేసి, "మెషిన్ పనిచెయ్యట్లేదు," అంది.

"ఇప్పుడేగా ఎవరికో తీశారు?"

"ఇప్పుడే పాడైంది."

"పక్కది?"

"అదీ పాడైంది."

ఇంతలో పాస్‌బుక్కు పట్టుకుని ఒక పెద్దాయన లోపలికొచ్చాడు. "అమ్మా, రెండు కాపీలు..."

"రెండూ పాడయ్యాయి తాతగారూ, రేపు రండి."

"రెండూ ఒకేసారా! మొగుడూ పెళ్లాల్లా అలిగాయా ఏంటమ్మా?" అని నవ్వుకుంటూ ఆయన వెళ్లిపోయాడు. షాపులో మాత్రం ఎవరూ నవ్వలేదు.

టీచరు కాగితం వైపు చూసింది, ఆవిడ ముఖం వైపు చూసింది. "దస్తూరి గుర్తుపట్టారన్నమాట."

"మీరు కూడా అంతేనా మేడమ్?" అంది జిరాక్సక్క. "ఆయన నోటితో చదివేవాడు, మీరు కాపీలు పంచుతారు. అంతేనా తేడా? నాలుగు రోజుల్లో పరీక్ష పెట్టుకుని దాన్ని పదిమందిలో పెడతారా? పిల్ల బడి మానేస్తానంది, తెలుసా మీకు?"

"తెలుసు. నాకూ చెప్పింది." టీచరు గొంతు పెంచలేదు. "నేను అడగకుండా ఎవరి కాగితమూ తీసుకోనండి. ఈ వారం ఎవరిస్తారని నిన్న అడిగాను. క్లాసయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, తనే తెచ్చిచ్చింది."

"నేను నమ్మను."

"నమ్మక్కర్లేదు. నాలుగున్నరకి వస్తుందిగా, మీరే అడగండి. వద్దంటే నేనిది చించి మీ పెట్టెలోనే వేసి వెళ్తాను."

గోడగడియారంలో ఇంకా ఆరు నిమిషాలుంది. టీచరు స్టూలు మీద కూర్చుంది. జిరాక్సక్క గుడ్డ తీసుకుని, తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచింది. పిల్లని ఎలా అడగాలో మనసులో పదిసార్లు రాసుకుని కొట్టేసింది. నువ్వే ఇచ్చావా అంటే నిలదీసినట్టుంటుంది. ఇష్టంలేకపోతే చెప్పు అంటే తనే వద్దని చెప్పినట్టుంటుంది.

చిట్టి బ్యాగుతో లోపలికొచ్చి టీచర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తల్లి రాసుకున్నవన్నీ మరిచిపోయింది.

"ఇది... నువ్వే ఇచ్చావంట?"

చిట్టి బూటు ముందుభాగంతో గడపని రెండుసార్లు పొడిచింది.

"కాపీలు తీశావా?" అంది చివరికి.

"మెషిన్ పాడైంది."

చిట్టి తొంగి చూసింది. "పచ్చలైటు వెలుగుతోందిగా అమ్మా."

టీచరు పక్కకి తిరిగి దగ్గింది. నవ్వాపుకున్నదో, నిజంగానే దగ్గో.

చిట్టి బ్యాగు కింద పడేసి గట్టు లోపలికొచ్చింది. కాగితం అందుకుని పేరు మీది ముక్కని గోటితో ఒకసారి, అరచేత్తో ఒకసారి గట్టిగా నొక్కింది. "ఇది కనపడకూడదు," అంది ఎవరికో చెబుతున్నట్టు. తర్వాత అద్దం మీద బోర్లించి, మూత వేసి, ఒకటీ సున్నా నొక్కింది. పది కాగితాలు వెచ్చగా ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే తల్లి వాటిని ముట్టుకోకుండా నిలబడి చూసింది.

ఐదుకి తరగతి. వాళ్లు వెళ్లాక ఆవిడ పావుగంట ఓర్చుకోగలిగింది. తర్వాత షట్టరు సగం దించి, ఒక చెక్కపెన్సిల్ చేతిలో పట్టుకుంది, ఎవరైనా చూస్తే పిల్ల మరిచిపోయిందని చెప్పొచ్చని. మందులషాపు పక్క మెట్లెక్కి తలుపు బయట నిలబడింది.

లోపల ఎవడో పిల్లాడు పడీ పడీ నవ్వుతున్నాడు. "ఎవడండీ ఈ మహానుభావుడు! మైనస్‌ని మింగేసి కూర్చున్నాడు! జవాబు నాలుగు రావాల్సిన చోట పదకొండంట!"

ఇంకొందరు కలిశారు. ఆవిడ చెయ్యి తలుపు మీద పడింది.

"మింగాడు, సరే," అంది టీచరు. "ఎందుకు మింగాడో చెప్పినవాళ్లే నవ్వాలి. ఊఁ, చెప్పండి."

నవ్వు ఆగింది. ఫ్యాను చప్పుడు వినిపించింది. ఎవరో గొణిగారు, ఎవరూ చెప్పలేదు. జిరాక్సక్కకి తోసుకుని లోపలికెళ్లి పిల్లని చెయ్యి పట్టుకుని తెచ్చేసుకోవాలనిపించింది. తలుపు మీది చెయ్యి మాత్రం కదల్లేదు.

"మింగలేదు." చిట్టి గొంతు. సన్నగా ఉంది, కానీ వినపడింది. "బ్రాకెట్టు ముందు మైనస్ ఉంటే, అది లోపల మొదటి అంకెకే తగులుతుందని అనుకున్నా. పక్కనున్న ఏడు దాకా వెళ్తుందని తెలీదు. అది నాదే. నేనే చేశా."

ఇందాక నవ్వినవాడే కాబోలు, "ఓహో, ఏడు దాకా వెళ్తుందా? మరి నాకు మొన్న పరీక్షలో అదే..." అని సగంలో ఆపేశాడు. ఈసారి నవ్విన నవ్వు వేరేగా ఉంది. అందులో చిట్టి నవ్వు కూడా ఉందేమోనని ఆవిడ చెవి తలుపుకి ఆనించింది.

"ఆ ఒక్క గుర్తు తప్ప," అంటోంది టీచరు, "కింద నాలుగు వరసలూ చూడండి. ఒక్క పొరపాటుందా? ఈ పిల్లకి లెక్కలు రావని ఎవరన్నారు?"

జిరాక్సక్క మెట్లు దిగి వచ్చేసింది. షట్టరు ఎత్తింది. పాస్‌బుక్కు పెద్దాయన వీధి చివర కనిపిస్తే తనే కేకేసి పిలిచి రెండు కాపీలు తీసిచ్చింది.

"అలక తీరిందా అమ్మా?" అన్నాడాయన.

"తీరింది తాతగారూ."

సోమవారం పొద్దున చిట్టి సగమే తిని వెళ్లింది. ఫలితం బుధవారం వచ్చింది. ముప్పై అయిదు రావాల్సిన చోట నలభై వచ్చి, పిల్ల గట్టెక్కింది. వదినగారు మాత్రం నలభై కూడా ఒక మార్కేనా అంది. అయితే తల్లి గుండె కుదుటపడింది బుధవారం కాదు, సోమవారం సాయంత్రమే.

ఆ సాయంత్రం చిట్టి వస్తూనే బ్యాగు విప్పింది. ఎలా రాశావే అని అడగబోయి, ఏం వినాల్సొస్తుందోనని తల్లి ఇంకా నోరు తెరవలేదు. పిల్ల ప్రశ్నపత్రం తీసి గట్టు మీద పరిచి, వేలు పెట్టి చూపించింది.

"బయటికొచ్చాక జవాబులు సరిచూసుకున్నా. ఇదీ, ఇదీ, ఈ చివరిదీ తప్పుపోయాయి. మొదటి రెండూ ఎందుకు పోయాయో తెలుసు. ఇది మాత్రం ఎందుకు పోయిందో ఎంత ఆలోచించినా అర్థం కావట్లేదు. చిత్తులో చేసింది అలాగే ఉంచా, చూడు."

తల్లి చూసింది. ఆవిడకి అందులో బెల్టు ఏళ్లు తప్ప ఏమీ అర్థం కాలేదు.

"గురువారానికి ఇది ఇస్తా టీచర్‌కి," అంది చిట్టి. "తెల్లకాగితం ముక్క ఉంటే ఒకటివ్వమ్మా."

జిరాక్సక్క కత్తెర తీసుకుంది. కొత్త కట్టలోంచి ఒక కాగితం లాగి, అంచు తిన్నగా చూసుకుని ఒక ముక్క కత్తిరించింది. మిగిలిన కాగితం అట్టపెట్టెలో వేసింది. లోపల ఏముందో చూడలేదు.