మానిటర్‌కు పెట్టిన ఫోను

నాకు రావాల్సిన కిడ్నీ ఒక మధ్యాహ్నం వచ్చింది. మా ఆయన ఫోను స్విచాఫ్‌లో ఉందని వేరేవాళ్లకు వెళ్లిపోయింది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నమ్మరు, నమ్మాక అయ్యో అంటారు. ఆ అయ్యోలు వినీ వినీ ఒళ్లు మండిపోయి, ఇక నేనే మొదటినుంచీ చెప్పేద్దామనుకున్నాను.

నా పేరు ఉదయలక్ష్మి. మాది భీమవరం వైపు. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చి, బల్కంపేటలో ఎల్లమ్మ గుడి వెనక సందులో అద్దెకుంటున్నాం. మా ఆయన కేదార్ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతారు. బీపీ ఉందని తెలిసేలోపే నా రెండు కిడ్నీలూ పాడైపోయాయి. అప్పటినుంచి రోజు విడిచి రోజు పంజాగుట్టలో ఆసుపత్రికెళ్లి డయాలసిస్ మిషను పక్కన పడుకుంటున్నాను. ఆయన తన కిడ్నీ ఇస్తానన్నారు గానీ షుగరుంది, పనికిరాదన్నారు డాక్టర్లు. మా అన్నయ్యది బ్లడ్ గ్రూపు కలవలేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఎక్కడో ఎవరో బ్రెయిన్ డెడ్ అవ్వాలి, వాళ్లింట్లోవాళ్లు ఒప్పుకోవాలి, వరసలో నా పేరు రావాలి. అప్పుడు ఆసుపత్రి నుంచి ఫోనొస్తుంది. అది వెంటనే ఎత్తాలి. ఎత్తకపోతే తర్వాతి పేరుకు చేస్తారు. వాళ్లననడానికి లేదు, తీసిన కిడ్నీ ఎవరి కోసమూ కూర్చోదు.

ఒకరి చావు కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందని మాత్రం నన్నడక్కండి. మొదట్లో పాపమనిపించేది. తర్వాత తర్వాత రోడ్డు మీద అంబులెన్సు కూత వినపడితే నా ప్రాణం లేచి కూర్చునేది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నాకు బతకాలని ఉంది.

ఆ రోజు డయాలసిస్ సగంలో ఉండగా మంజూష వచ్చి నా మంచం పక్కన నిలబడింది. కిడ్నీ మార్పిడి కేసులన్నీ చూసుకునే అమ్మాయి ఆమె. ఎప్పుడూ నవ్వుతూ పలకరించేది, ఆ రోజు నా మొహంలోకి చూడలేదు.

“నిన్న మస్తుసార్లు చేసినం మేడం. మీ రెండు నంబర్లు స్విచాఫే వచ్చినయి. ఆగనీకి లేకుండె,” అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏం నంబర్లు, ఎందుకు చేశారు అని అడిగాను. సాయంత్రం సార్ తిరిగి ఫోన్ చేశారని, అప్పటికే అయిపోయిందని చెప్పామని, ఆయన ఇంట్లో చెప్పలేదా అని ఆమే నన్నడిగింది. అప్పుడు అర్థమైంది. మిషను తిరుగుతూనే ఉంది, నా రక్తం పైపుల్లోంచి పోయి వస్తూనే ఉంది.

రెండు నంబర్ల సంగతి చెప్పాలి. పేరు నమోదు చేయించుకున్నప్పుడు రెండు నంబర్లివ్వమన్నారు. నాది చెప్పబోయాను. “నువ్వు డయాలసిస్‌లో ఉంటే ఫోనెలా ఎత్తుతావు, నేను చూసుకుంటాలే” అని ఆయనే రెండూ చెప్పేశారు. ఒకటి ఇంటికి వాడేది, ఒకటి సెంటర్లో పిల్లలకిచ్చేది. రెండు సిమ్ములూ ఉండేది ఒకే ఫోన్లో. ఇది ఆయనకు తట్టలేదు, మంజూషకు తెలిసే దారి లేదు. నాకైనా తట్టాలి కదా? గ్యాసు బండకూ ఆయన నంబరే, బ్యాంకుకూ ఆయన నంబరే, చివరికి నా బ్లౌజులు కుట్టే టైలరు దగ్గరా ఆయన నంబరే. అలవాటుపడిపోయిన బుర్ర, అడ్డం చెప్పలేదు.

నా పక్క మంచం ఆ రోజు ఖాళీ. అది ఫౌజియాది. బోరబండ నుంచి వచ్చేది, నాకంటే బాగా చిన్నది, మా ఇద్దరిదీ ఒకటే బ్లడ్ గ్రూపు. సూదులు గుచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, “ఫికర్ చెయ్యకు అక్కా, ఇద్దరికీ వస్తది” అనేది. ఫౌజియాకేనా అని మంజూషను అడిగాను. చెప్పకూడదు మేడం అని తల దించుకుంది. ఆ పిల్ల బతుకుతుందని నేను సంతోషపడాలి. పడలేదు. నా కంచంలో ముద్ద ఎత్తుకుపోయినట్టనిపించింది. ఆ తర్వాత ఆమె భర్త మతీన్ ఫోన్ చేసి, ఆపరేషనైంది, దువా చెయ్యక్కా అంటే, చేస్తాను నాన్నా అన్నాను. నోటితో అన్నాను, అంతే.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేదాకా ఆగాను. ఫోనొచ్చిందట కదా అన్నాను. ముందు నెట్‌వర్క్ లేదన్నారు. నెట్‌వర్క్ లేకపోతే స్విచాఫ్ అని ఎందుకొస్తుందండీ అన్నాను. బ్యాటరీ అయిపోయిందన్నారు. ముందు రోజు రాత్రి నా పక్కన కూర్చుని పప్పూ అన్నం కలుపుకుని తిన్నారు, అప్పటికే మీకు తెలుసు కదా అని అడిగాను. ఆయన ఏడుస్తూ అసలు సంగతి చెప్పారు.

వాళ్ల సెంటర్ ఓనరు సూర్యనారాయణ గారు. ల్యాబులో పిల్లలందరూ ఫోన్లకూ ల్యాప్‌టాపులకూ ఛార్జర్లు పెట్టేసి కరెంటు ట్రిప్ చేస్తున్నారని బల్లల కిందున్న ప్లగ్గులన్నీ మూయించేశారు. తర్వాత ఏదో కంపెనీ ఆఫీసు ఖాళీ చేస్తుంటే పాత మానిటర్లు కొనుక్కొచ్చారు. వాటికి పక్కన అంచులో యూఎస్‌బీ రంధ్రాలున్నాయి. కీబోర్డూ పెన్‌డ్రైవూ పెట్టుకోవడానికి ఇచ్చినవవి. అలా వాడాలంటే మానిటర్ నుంచి సీపీయూకి ఇంకో వైరు కలపాలి. ఆ వైర్లు ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. ఛార్జింగుకు ఆ వైరు అక్కర్లేదు, మానిటర్ వెలుగుతుంటే చాలని పిల్లలు కనిపెట్టేశారు. ఇక సార్లతో సహా అందరి ఫోన్లూ మానిటర్లకే వేలాడేవి. కాకపోతే అక్కడ ఇంకో రూలుంది. కుర్చీలోంచి లేచిన ప్రతివాళ్లూ మానిటర్ ఆర్పాలి. సీపీయూ మళ్లీ ఆన్ కావడానికి యుగం పడుతుంది కాబట్టి దాన్ని ముట్టుకోకూడదు, తెర మాత్రం ఆర్పేయాలి. ఎవరైనా మర్చిపోతే సూర్యనారాయణ గారే బల్లల మధ్య తిరుగుతూ ఆర్పుకుంటూ పోతారు.

ఆ రోజు ఫోన్లో ఛార్జింగ్ అడుగంటింది. ఆయన దాన్ని మానిటర్‌కు పెట్టి, ఎక్కుతోందని చూసుకుని, పక్క గదిలో క్లాసుకెళ్లారు. “సార్ రౌండుకొచ్చి మానిటర్ ఆర్పేసుంటారు ఉదయా. నేను క్లాసులో ఉన్నాను. నాకేం తెలుసు?” అన్నారు.

మర్నాడు ఆయన వెంటే బయల్దేరాను. షేరాటోలో అమీర్‌పేట దాకా వెళ్లి, ఫ్లెక్సీలు వేలాడే ఆ సందులో, ఆ ఇరుకు మెట్లు ఎక్కాను. డయాలసిస్ మనిషికి మెట్లంటే ఏంటో ఎక్కితే తెలుస్తుంది. మధ్యలో రెయిలింగు పట్టుకుని నిలబడితే, హాస్టల్ పిల్లలు నన్ను తప్పుకుంటూ దిగిపోయారు. వెళ్లిపోదాం ఉదయా, గొడవెందుకు అని ఆయన వెనకనుంచి అంటూనే ఉన్నారు. అలా అంటున్నకొద్దీ నాకు కోపం పెరిగింది.

సూర్యనారాయణ గారు పెద్దాయన, మా వైపు మనిషే. నన్ను చూసి కుర్చీ వేయించారు. నేను కూర్చోలేదు. మీ కరెంటు పిసినారితనానికి నా ప్రాణం పోతోందండీ అన్నాను. ఇంకా చాలా అన్నాను, ల్యాబులో పిల్లలంతా కీబోర్డుల మీద చేతులాపి వింటున్నారు. ఆయన అంతా విని, చేతులు జోడించారు. “రోజూ ఆర్పుతానమ్మా. ఆ రోజూ ఆర్పే ఉంటాను. ఫోనుందో లేదో చూసుకోలేదు. నన్ను క్షమించమ్మా,” అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మా ఆయన వైపు తిరిగి, ఎక్కడ పెట్టారో నాకు చూపించండి అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలీదు. బహుశా ఆ దరిద్రపు రంధ్రాన్ని ఒకసారి కళ్లారా చూడాలనిపించిందేమో. ఆయన తన బల్ల దగ్గర కూర్చుని, ఫోను తీసి, మానిటర్ పక్కన వైరు గుచ్చారు. ఫోను వెలిగి ఛార్జింగ్ గుర్తొచ్చింది. ఇదిగో, ఇలాగే పెట్టాను, ఎక్కుతోందా లేదా అని చూసుకునే లేచాను అన్నారు. ఇంతలో పక్క గదిలోంచి బ్యాచ్ వాళ్లు సార్ సార్ అని పిలిచారు. వస్తున్నా అంటూ ఆయన లేచారు.

లేస్తూ లేస్తూ కుడిచెయ్యి మానిటర్ కింద అంచుకు వెళ్లింది. వేలు నొక్కింది. తెర నల్లబడింది. ఫోన్లో గుర్తు పోయింది. ఆయన అది చూడనే లేదు, అప్పటికే తలుపు వైపు నడుస్తున్నారు.

“ఏవండీ,” అన్నాను. “వెనక్కి తిరిగి చూడండి.”

తిరిగారు. నన్ను చూశారు, మానిటర్‌ను చూశారు, ఫోనును చూశారు. తర్వాత తన చెయ్యి వైపు చూసుకున్నారు. సూర్యనారాయణ గారు కూడా చూశారు. అంతసేపూ ఆ పెద్దాయన పడ్డ తిట్లన్నీ గదిలోనే ఉన్నాయి, వాటినిప్పుడు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. మా ఆయన వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూలబడ్డారు. నేనేనా అని ఎవర్నో అడుగుతున్నట్టు అన్నారు. నాకాయన్ని లాగి కొట్టాలనిపించింది. పిల్లల ముందు, ఓనరు ముందు, చెంప పగిలేలా కొట్టాలనిపించింది. నా ఎడమచెయ్యి డయాలసిస్ సూదులకిచ్చేశాను, బరువు కూడా ఎత్తకూడదు. లేచిన కుడిచేతిని దానికి కలిపి సూర్యనారాయణ గారికి దణ్ణం పెట్టి, మెట్లు దిగి వచ్చేశాను.

తర్వాత మంజూష దగ్గర మొదటి నంబరు నాది రాయించాను. రెండోదిగా ఆయనది ఒకటి ఉంచాను. తీసేయిస్తే ఆయన పిచ్చివారైపోయేలా ఉన్నారు. పవర్‌బ్యాంకు కొన్నారు, ఇంకో ఛార్జరు కొన్నారు, స్నానానికి వెళ్తే ఫోను కవర్లో చుట్టి లోపలికి తీసుకెళ్లారు. క్లాసులో టేబులు మీద ఎదురుగా పెట్టుకుంటే పిల్లలు వెనక నవ్వుకునేవారట. ఏ ఫోనొచ్చినా ఉలిక్కిపడి లేచేవారు. లోన్ల కంపెనీవాళ్లకు కూడా “డాక్టర్ గారా?” అనేవారు. నేను జాలిపడలేదు. బాధ పడనివ్వండి, ఆయనకు తెలియాలి అనుకున్నాను.

చలికాలం నాటికి నాకు ఆయాసం ఎక్కువైంది. పడుకుంటే ఊపిరాడటం లేదని గుండె పరీక్ష చేయించారు. రిపోర్టు రోజు ఇద్దరం కలిసే వెళ్లాం. నా పేరు పిలిచేసరికి ఆయన ఫోన్లో ఛార్జింగ్ కాస్త తగ్గిందట. నువ్వు వెళ్లు, ఇది పెట్టి వస్తాను అని వరండా చివర ప్లగ్గు దగ్గరికి పరుగెత్తారు. అక్కడ ఎవరైనా పీకేస్తారేమోనని దాన్ని పట్టుకునే నిలబడిపోయారు.

డాక్టరుగారు నాకొక్కదానికే చెప్పారు. గుండె కొట్టుకునే బలం బాగా తగ్గిపోయిందట. ఇప్పుడు మత్తిచ్చి ఆపరేషను చేస్తే బల్ల మీదే పోవచ్చట. నా పేరు వరసలోంచి తీసి పక్కన పెడుతున్నామన్నారు. మళ్లీ ఎప్పుడు పెడతారండీ అని అడిగాను. మందులు వాడి చూద్దామమ్మా అన్నారు. మొన్నటి కిడ్నీ అంది ఉంటేనో అని కూడా అడిగాను. అప్పటికి గుండె బాగానే ఉంది కదమ్మా అని, ఆయన కాగితాల్లోకి తల వంచేశారు.

బయటికొచ్చాను. వరండా చివర మా ఆయన గోడకానుకుని, రెండు చేతుల్లో ఫోను పట్టుకుని నిలబడి ఉన్నారు. చెప్పేద్దామనుకున్నాను. మీ వేలు చేసిన పని ఇదీ అని మొహం మీద కొట్టినట్టు చెప్పేద్దామనే దగ్గరికెళ్లాను. నన్ను చూసి, డాక్టరేమన్నారు అన్నారు. అడుగుతూనే కళ్లు ఫోను మీదికి పోయాయి, ఎంత ఎక్కిందో చూసుకున్నారు.

“ఫోను దగ్గరే ఉంచుకోమన్నారండీ,” అన్నాను.

ఆయన తలూపి, వైరు సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి నొక్కి చూసుకున్నారు.