మావయ్య నేలబారు బంతి

మా మావయ్యను రెండోసారి చంపింది మీరే. ఆ అప్‌డేట్ రాసిన చేతులు మీవి, దానికి వాస్తవికత అని పేరు పెట్టిన నోరు మీది. మొదటిసారి చంపింది బట్టల నూగు. ఆస్పత్రి లాండ్రీలో ఏళ్ల తరబడి పీల్చిన నూగు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి చంపింది. నూగుకు బుద్ధి లేదు కాబట్టి దాన్ని వదిలేశాను. మీకు బుద్ధి ఉంది. మిమ్మల్ని వదలను.

మీకు రాసిన ఉత్తరాలన్నీ చెవిటివాడి ముందు ఊదిన శంఖాలయ్యాయి. అందుకని ఇప్పుడు నలుగురిలో చెబుతున్నాను. బేస్‌బాల్ మొహం ఎరగనివాళ్లు కూడా వినండి, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఈ కంపెనీవాళ్లు నడిపే ఫోను బేస్‌బాల్ ఆటలో ఎవరూ పరిగెత్తరు, ఎవరికీ చెమట పట్టదు. ఫోన్లో జట్టు కట్టుకుంటాం, ఎవరి తర్వాత ఎవరు బ్యాటు పట్టాలో వరుస పెట్టి పంపుతాం, మధ్యాహ్నం పన్నెండుకు కంప్యూటర్ తన లెక్కలు వేసుకుని మ్యాచ్ నడిపిస్తుంది. మన చేతిలో ఉండేది ఆ వరుస, సొంత మైదానం, సొంతంగా పుట్టించుకున్న ఒకే ఒక్క ఆటగాడు. మిగతావాళ్లను ఆటే ఇస్తుంది, డబ్బుంటే దాని దుకాణంలో కొనుక్కోవచ్చు. అవును, ప్రతి జట్టూ ఒక ఆటగాణ్ణి తన ఇష్టప్రకారం తయారు చేసుకోవచ్చు. బలం, చూపు, వేగం ఏది ఎంత ఇవ్వాలో మనమే పంచాలి. ఆ ఆటగాడికి ముసలితనం రాదు, జబ్బు రాదు. జట్టు ఉన్నంతకాలం ఉంటాడు. గెలిచే జట్టు పై మెట్టుకు ఎక్కుతుంది, ఓడే జట్టు కింది మెట్టుకు జారుతుంది. జట్టు అట్టడుగు మెట్టు నుంచి కూడా జారిపోతే జట్టును రద్దు చేస్తారు, ఆటగాణ్ణి చెరిపేస్తారు.

మా లాండ్రీ జట్టు పేరు ఆవిరి. అందులో మేం పుట్టించిన ఆటగాడు మడత మావయ్య. తయారు చేసింది మావయ్యే, తనలాగే తయారు చేశాడు. చూపుకు, వేగానికి దోసిళ్లతో పోసి, బలానికి వేలు నాకించాడు. ఈ పీనుగ బంతిని మైదానం చివరి గోడ దాటిస్తాడా అని బాయిలరు దగ్గరుండే మా తాత వెక్కిరిస్తే, ఆకాశంలోకి కొట్టినవాడికి చప్పట్లు, నేల మీద కొట్టినవాడికి పరుగులు అన్నాడు మావయ్య. అన్నట్టే జరిగింది. ఫీల్డర్ల మధ్య సందుల్లోంచి పాము జారినట్టు బంతి నేలబారుగా పోయేది, ఈయన పరుగుకు తొలి మజిలీ అయిన మొదటి బేస్ మీద నిలబడేవాడు. పదిసార్లు బ్యాటు పడితే మూడుసార్లకు తక్కువ కాకుండా హిట్ కొట్టేవాడు, అంటే అవుట్ కాకుండా బేస్ చేరేవాడు. ఈ ఆటలో అది చిన్న విషయం కాదు.

మావయ్య పోయాక కూడా ఆ ఆటగాడు ఆడుతూనే ఉన్నాడు.

మా అత్తది మడతల బల్ల. ఆస్పత్రి దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని లాగి, ఒకరికొకరు ఎదురు నడిచి, అంచులు కలిపి, మళ్లీ వెనక్కి నడవాలి. ఆ బల్ల దగ్గర అత్తకు ఎదురుగా నడిచింది మావయ్యే. ఇప్పుడు నేను నడుస్తున్నాను. పన్నెండయ్యేసరికి గంజి డబ్బాకు ఫోన్ ఆనించి నిలబెడతాం. ఆ యంత్రాల రొదలో పక్కనున్నవాళ్ల మాటే వినపడదు, ఫోన్ గొంతు ఏం వినపడుతుంది. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మావయ్య హిట్ కొడితే అత్త చేతిలోని తడి దుప్పటిని ఫట్‌మని విదిలిస్తుంది. అది చూసి పక్క బల్లవాళ్లు, ఆ పక్కవాళ్లు, అటు డ్రమ్ముల దగ్గరివాళ్లు, అందరూ చేతిలో ఏది ఉంటే అది విదిలిస్తారు. రొదను మించి వినపడేది అదొక్కటే.

ఒకరోజు నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో అంది అత్త. "బతికున్నన్నాళ్లూ చెప్పిన టైముకు ఒక్కనాడు రాలేదు మీ మావయ్య. ఇప్పుడు చూడవే, పన్నెండు కొట్టగానే హాజరు."

అని నవ్వింది. ఆ నవ్వు మీద పడ్డారు మీరు.

అప్‌డేట్ వచ్చింది. కొట్టుడులో వాస్తవికత పెంచాం, ఆటను ఉత్కంఠగా మార్చాం అని రెండు ముక్కలు రాశారు. జరిగిందేమిటో మేం మా కళ్లతో చూశాం. గాల్లోకి లేచిన ప్రతి బంతీ గోడ దాటి నేరుగా పరుగవుతోంది. నేల మీద పోయిన ప్రతి బంతీ ఫీల్డర్ చేతిలోకి, పిలిచినట్టు పోతోంది, కొట్టినవాడు బేస్ చేరేలోపే అవుట్. దున్నపోతు బలం ఉన్న ఆటగాళ్లకు రాత్రికి రాత్రి రెక్కలొచ్చాయి. వాళ్లను అమ్ముకునేది మీ దుకాణమే కదా. మా మావయ్య పదిసార్లలో ఒక్కసారి కొడితే గొప్ప అన్న స్థితికి వచ్చాడు. లాండ్రీలో దుప్పట్ల చప్పుడు ఆగిపోయింది. అత్త పొడి దుప్పటి మడిచినట్టు తడి దుప్పటిని కూడా మెల్లగా పరిచేది.

ఫిర్యాదు పంపాం. మీ అభిప్రాయం మాకు విలువైనది అని జవాబు వచ్చింది. మళ్లీ పంపాం. అదే వాక్యం, చుక్కతో సహా. ఈలోపు మెట్టు తర్వాత మెట్టు జారి అట్టడుక్కి చేరాం. అక్కడ కూడా ఓడుతున్నాం. ఈ మెట్టు కూడా జారితే కింద గొయ్యే.

బల్ల చుట్టూ చేరి చేతులెత్తి వరుస తేల్చుకోవడం మా అలవాటు. మావయ్యది ఎప్పుడూ మొదటి స్థానం, దానికి ఓటింగు లేదు. ఆరోజు అత్తే ముందు నోరు విప్పింది.

"ఆయన్ని కూర్చోబెట్టండి. ఆయన ఆడకపోయినా ఉంటాడు. జట్టు పోతే అసలుండడు."

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. బాయిలరు తాత రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని నిలబడ్డాడు. ఆ చేతుల లెక్కలో ఓడిపోయింది అత్త ఒక్కతే. మావయ్య మొదటి స్థానంలోనే ఉన్నాడు. తెలివితక్కువ పనే. మళ్లీ అడిగినా అదే చేస్తాం.

మరి దారేది? దారి తాతే చూపించాడు. ఎవరి మైదానం గోడ వాళ్లు సీజన్ మధ్యలో ఒకసారి జరుపుకోవచ్చని మీ నిబంధనల్లోనే ఉంది. బాయిలరు పేలకుండా ఉండాలంటే మంట తగ్గించలేనప్పుడు ఆవిరికి చోటివ్వాలి కదా, గోడను ఎంత దూరం పోతే అంత దూరం తొయ్యండి అన్నాడు. తోశాం. మీ రెక్కల దున్నపోతులు మా మైదానానికి వచ్చి ఆకాశానికి కొడితే బంతులు గోడ చేరకుండానే అలిసి ఫీల్డర్ల చేతుల్లో పడ్డాయి. ఒకడి తర్వాత ఒకడు అవుట్. ఇంకొకటి కూడా జరిగింది. గోడ దూరమైతే కంప్యూటర్ ఫీల్డర్లను కూడా వెనక్కి జరుపుతుంది. ముందు భాగమంతా ఖాళీ. మావయ్యకు ఎలాగూ బలం లేదు. ఆయన లేపిన పొట్టి బంతులు సరిగ్గా ఆ ఖాళీలో, ఎవరికీ అందకుండా పడ్డాయి. అవతలివాళ్లకు అలా కొట్టడం రాదు, వాళ్లు కొన్న ఆటగాళ్లకు ఆకాశం తప్ప ఇంకేం తెలియదు.

ఫట్. అత్త విదిలించిన దుప్పటి నీళ్లు నా మొహాన కొట్టాయి. ఆ మూల నుంచి ఈ మూలకు లాండ్రీ అంతా మోగింది. మేస్త్రీ బాయిలరు పేలిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

సొంత మైదానంలో వరుసగా గెలిచాం. గెలుస్తూ గెలుస్తూ డప్పుగాడి జట్టుకు ఎదురుపడ్డాం. డప్పు అంటే ఎవరో మీకు బాగా తెలుసు, మీ చంకలో పిల్లాడు. కొత్త దున్నపోతుల జట్టొకటి కట్టి, కింద మెట్టు నుంచి కప్పు దాకా ఒక్క సీజన్లో ఎక్కి చూపిస్తానని చాటింపు వేసుకున్నవాడు. మీ పెద్దమనుషుల కమిటీలో కూర్చుని జట్లన్నిటి తగవులూ తీర్చేవాడు. మా మైదానంలో వాడికి ఒక్క పరుగు రాలేదు. ఆ సాయంత్రమే అందరూ చూసే చోట రాశాడు.

"దుప్పట్లు ఉతుక్కునేవాళ్లకు బేస్‌బాల్ ఎందుకు? మైదానాన్ని కూడా ఆరేసుకున్నారు."

తెల్లారేసరికి ఇంకో అప్‌డేట్. గోడలకు హద్దు పెట్టారు. మేం గెలిచిన మ్యాచులన్నీ, లోపాన్ని దుర్వినియోగం చేశారంటూ కొట్టేశారు. మా ఏడుపుకు మీకు నెలలు చాలలేదు, వాడి ఏడుపుకు ఒక్క రాత్రి చాలింది. ఇప్పుడు లెక్క ప్రకారం ఈ సీజన్ ముగియగానే ఆవిరి రద్దు. మావయ్య చెరిపివేత.

అత్త ఆరోజు దుప్పటి కొసలు రెండూ నా చేతిలోనే పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. అక్కడి నుంచే అంది. "ఒకసారి మోశాను. రెండోసారి నా వల్ల కాదు. వాళ్ల అంతు చూడవే."

చూస్తున్నాను అత్తా.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. మనిషి వేలు పడనిదే మా ఆటలో బంతి కదలదు అని మీరు ఊరంతా ప్రకటనలు అంటించుకున్నారు. అందుకే ప్రతి మ్యాచుకూ ముందు రెండు జట్లవాళ్లూ సిద్ధం అనే మీట నొక్కాలి. ఒకరు నొక్కకపోతే మ్యాచ్ వాయిదా. మళ్లీ నొక్కకపోతే మళ్లీ వాయిదా. ఇన్నిసార్లే అని మీరెక్కడా రాయలేదు, ఎందుకంటే నొక్కనివాళ్లు ఉంటారని మీ బుర్రకు తట్టలేదు. మా మెట్టు మీద రొట్టెల బట్టీవాళ్ల జట్టుంది, బస్సు డిపోవాళ్ల జట్టుంది, మేం ఉతికిన దుప్పట్లు పరిచే నర్సుల జట్టుంది. మీ అప్‌డేట్ అందరి కడుపూ కొట్టింది. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి మాట్లాడాను. బతిమాలాల్సిన పని కూడా పడలేదు. డిపోవాళ్లయితే ఇంత ఆలస్యంగా వచ్చావేం అని నన్నే తిట్టారు.

ఇప్పుడు ఎవరూ నొక్కడం లేదు. సీజన్ ముగియదు. ముగియకపోతే ఎవర్నీ రద్దు చేయలేరు, ఎవరికీ కప్పు ఇవ్వలేరు. డప్పుగాడు రోజూ పన్నెండుకు తన మీట నొక్కి కూర్చుంటున్నాడు. పెళ్లికూతురు లేని పీటల మీద పెళ్లికొడుకులా ఉన్నాడు. వాణ్ణి అలా చూడటం నాకు బాగుంది. ఇంకా చాలాకాలం చూడగలను. నిన్న మీ నుంచి ఉత్తరం వచ్చింది, దయచేసి సహకరించండి అని. మీ అభిప్రాయం మాకు విలువైనది అని జవాబు రాశాను, చుక్కతో సహా.

కాబట్టి వినండి. బేరాలు లేవు. నేలబారు బంతికి పాత లెక్క తిరిగి పెట్టండి. కొట్టేసిన మా గెలుపులు మాకు తిరిగి రాయండి, గోడ మా ఇష్టానికి వదలండి. డప్పుగాణ్ణి ఆ కమిటీలోంచి దింపండి, దుప్పట్ల మాట అన్నచోటే మా అత్తకు క్షమాపణ రాయించండి. ఆ అప్‌డేట్ రాసినవాడెవడో, రాయించినవాడెవడో పేర్లతో బయటికి రావాలి.

ఇదంతా చేశాక మా వరుస పంపుతాం, సిద్ధం నొక్కుతాం. మొదటి బంతి మా మావయ్యకే వెయ్యండి.